చెవి నెహెమ్యా, రెండు సీట్ల బండి

మైదుకూరులో ప్రొద్దుటూరు రోడ్డు మలుపు దాటాక, పంచర్ల అంగడికీ సిమెంటు ఇటుకలు పోసే చోటుకీ నడుమ ఒక రేకుల షెడ్డు ఉంది. దానికి బోర్డు లేదు. ఒకప్పుడు ఉండేది, ఒక వేసవి గాలికి ఊడిపడింది, మళ్లీ పెట్టించలేదు. బోర్డు చూసి వచ్చేవాళ్లు తనకు అక్కర్లేదని నెహెమ్యా అనేవాడు. గొప్పకు అన్న మాటే అయినా, చాలా ఏళ్లు అది నిజం కూడా. కడప నుంచి, నంద్యాల నుంచి, ఆళ్లగడ్డ నుంచి కార్లు దారి అడుక్కుంటూ వచ్చేవి. "చెవి నెహెమ్యా షెడ్డు యాడ?" అంటే టీకొట్టు ఆయన తలెత్తకుండా చెయ్యి చూపించేవాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. మిగతా మెకానిక్కులు బానెట్ ఎత్తగానే స్పానర్ పట్టుకునేవాళ్లు. నెహెమ్యా ముందు కళ్లు మూసుకునేవాడు. ఇంజిన్ నడుస్తుంటే పక్కన నిలబడి, తల కొంచెం వంచి, ఎవరో చాడీలు చెబుతుంటే వింటున్న మనిషిలా వినేవాడు. తరువాత "మూడో వాల్వు" అనో "టైమింగు చైను వదులైంది" అనో అనేవాడు. విప్పి చూస్తే అదే అయ్యుండేది. తప్పు చెప్పిన రోజులూ ఉన్నాయి, కాకపోతే వాటిని ఎవరూ గుర్తుపెట్టుకోలేదు. పేరు వచ్చాక మనిషికి ఆ సౌకర్యం ఉంటుంది.

షెడ్డు గోడకు ఒక మేకు, మేకుకు ఒక నల్లని రబ్బరు గొట్టం. కడపలో పని నేర్పిన మేస్త్రీ ఇచ్చిందది. పాతకాలపు పరుగు బండ్లలో కొన్నింటికి ఒకటి కాదు, రెండు కార్బొరేటర్లు ఉంటాయి. ఇంజిన్‌కు గాలీ పెట్రోలూ కలిపి అందించేవి అవే. గాలి పీల్చేటప్పుడు ఒక్కొక్కటీ సన్నగా బుస పెడుతుంది. గొట్టం ఒక కొస కార్బొరేటర్ నోటి దగ్గర, ఇంకో కొస చెవి దగ్గర పెట్టి, ముందుదీ వెనకదీ ఒకే బుస పెట్టేదాకా మరలు తిప్పాలి. రెండూ కలిస్తే ఇంజిన్ ఒక్క మనిషిలా నడుస్తుంది. కలవకపోతే ఒకే కాడికి కట్టిన రెండు ఎద్దులు చెరో దిక్కుకు లాగినట్టే. ఆ బుసను పట్టుకోగల చెవి ఈ చుట్టుపక్కల నెహెమ్యాకు ఒక్కడికే ఉండేది.

ఇప్పుడు ఆయనకు అరవై నాలుగేళ్లు. ఆ చెవులు పోయాయి.

ఒక్క రోజులో పోలేదు. లారీల గాలి హారన్లు, గ్రైండింగ్ రాయి, కంప్రెసర్, వీటి మధ్య యాభై ఏళ్లు నిలబడితే చెవులు మాత్రం ఏం చేస్తాయి? మొదట కుక్కర్ కూత పోయింది. తరువాత ఫోను మోత. బరువైన గొంతులు, డీజిల్ బండ్ల దడదడ ఇంకా అందేవి. సన్నటి శబ్దాలు మాత్రం ఒక్కొక్కటే చెప్పకుండా వెళ్లిపోయాయి. కిందటి శీతాకాలంలో ఒకరోజు గొట్టం చెవిలో పెట్టుకుంటే ఏమీ లేదు. గొట్టంలో దుమ్ము చేరిందేమోనని ఊది చూశాడు, నీళ్లతో కడిగాడు, ఎండలో ఆరేశాడు. తప్పు గొట్టానిది కాదని ఆయనకు తెలుసు. అయినా కడిగాడు.

ఎవరికీ చెప్పలేదు. చెప్పకుండా గడపడానికి ఎంత ఒళ్లు హూనమవుతుందో చేసినవాడికే తెలుస్తుంది. ఎదుటివాడి పెదాలు చూడాలి. అందరూ నవ్వినప్పుడు నవ్వాలి, అదీ మరీ ఆలస్యం కాకుండా. సాయంత్రమయ్యేసరికి స్పానర్ పట్టినదానికంటే ఈ నాటకానికే ఎక్కువ అలసిపోయేవాడు. ఎలాగూ షెడ్డుకు వచ్చే బండ్లు తగ్గిపోయాయి కనుక నడిచిపోయింది. కొత్త కార్లకు జబ్బు చేస్తే చెవి పెట్టేవాళ్లు ఎవరు? తీగ తగిలిస్తే తెర మీద అదే రాసి చూపిస్తుంది.

బయటపడినంత పనైంది చర్చిలో. వాళ్లది తాతల నాటి చిన్న చర్చి. హార్మోనియం చెదలు తిన్నప్పటి నుంచి, అయ్యగారి ప్రార్థన ముగిసి అందరూ ఆమేన్ అనగానే పాట ఎత్తే పని నెహెమ్యాదే. ముప్పై ఏళ్లుగా అదే వాడుక. ఫిబ్రవరిలో ఒక ఆదివారం అయ్యగారు రోగుల కోసం ప్రార్థిస్తూ, ఎవరి పేరో గుర్తుకు రాక ఒక్క క్షణం ఆగాడు. కళ్లు మూసుకుని ఉన్న నెహెమ్యా, ఆమేన్ అయిపోయిందనుకుని గుండెల నిండా ఊపిరి తీసుకుని పాట ఎత్తేశాడు. ఒక చరణం సగం వరకూ పాడాడు కూడా. కళ్లు తెరిస్తే అయ్యగారి చేతులు ఇంకా గాలిలోనే ఉన్నాయి. పిల్లలు మొదలుపెట్టారు, తరువాత ఆడవాళ్ల వైపంతా నవ్వే. ఆడవాళ్లు ఒక పక్క, మగవాళ్లు ఒక పక్క కూర్చునే చర్చి కావడంతో, మోచేత్తో పొడిచి ఆపడానికి పక్కన రత్నమణి కూడా లేదు.

రత్నమణి ఆయన భార్య. ఆ రోజు చర్చిలో నవ్వని ఒక్క ఆడమనిషి ఆమే. ఇంటికి వచ్చే దారిలో ఏమీ అడగలేదు. అడగకపోవడమే నెహెమ్యాకు ఎక్కువ గుచ్చుకుంది. మరుసటి వారం నుంచి ఆయన గొంతు బాగాలేదని చెప్పి వెనక బెంచీలో కూర్చోవడం మొదలుపెట్టాడు.

ఏప్రిల్‌లో, ఎండలు ముదిరాక, కర్నూలు నుంచి సుందరం సారు వచ్చాడు. నీటిపారుదల శాఖలో ఇంజనీరుగా చేసి రిటైరైన మనిషి. ఆయన తండ్రి వకీలు. ఆ వకీలుగారు అరవైల్లో మద్రాసు నుంచి తెప్పించుకున్న ఆకుపచ్చ ఇంగ్లీషు కారు ఒకటి వాళ్ల ఇంట్లో ఉంది. రెండే సీట్లు, పైన గుడ్డ కప్పు, నేలకు జానెడు ఎత్తు. ముప్పై ఎనిమిదేళ్ల కిందట అది మైదుకూరు దగ్గర ఆగిపోతే నెహెమ్యా నడిపించి పంపాడు. అప్పటి నుంచి ఏడాదికోసారైనా రావలసిందే. ఈసారి ఆ బండి వెనకే తెల్లటి కొత్త కారు ఒకటి చప్పుడు లేకుండా వచ్చి ఆగింది. దాన్ని నడిపింది సారు కూతురు ఆరాధన, కర్నూలులో కంటి డాక్టరు.

సుందరం సారు బండి దిగడానికి రెండు చేతులూ తలుపు మీద పెట్టి లేవాల్సి వచ్చింది. ఆయనది బావిలోంచి వచ్చే గొంతు, అది నెహెమ్యాకు బాగానే అందుతుంది.

"ఏం నెహెమ్యా, బాగుండావా?"

"మీ దయ సారూ. మీ మోకాలు ఎట్లుండాది?"

"మోకాలు అయిపాయ. క్లచ్చి తొక్కద్దంటారు డాక్టర్లు. పాపేమో బండి అమ్మేయమంటాది. బెంగుళూరాయన ఒకడు ఏడాదిగా అడుగుతానే ఉండాడు." సారు బానెట్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. "నేను పాపకు ఒకటే చెప్పినా. నెహెమ్యా చెవి ఉన్నన్ని దినాలూ ఈ బండి మన ఇంట్లో ఉంటాది. ఆ చెవి పోయిన దినం అమ్ముకుందాం, నేనే సంతకం పెడతా."

నెహెమ్యాకు ఒక్క మాట కూడా పొల్లుపోకుండా వినపడింది. వినపడకపోయినా బాగుండేదని ఆ నిమిషంలో అనుకున్నాడు.

ఆరాధనకు ఆ పాత బండి మీద కోపమేమీ లేదు. తండ్రి మీద భయం, అంతే. మెల్లగా, ముఖం చూస్తూ మాట్లాడే అలవాటు ఉన్న పిల్ల కావడంతో ఆమె మాటలూ అర్థమవుతాయి.

"అంకుల్, మీరే చెప్పండి. దానికి సరైన బ్రేకులు లేవు, బెల్టు లేదు. ఎండకు కాగిపోతుంది. ఇప్పటి పెట్రోలు కూడా దానికి పడదు. నా బండి నాలుగున్నర సెకన్లలో వంద అందుకుంటుంది. ఎదురుగా మనిషి వస్తే అదే ఆగుతుంది."

"నిజమే పాపా," అన్నాడు నెహెమ్యా. "ఒకసారి మూత ఎత్తు, చూస్తా."

ఆమె ఎత్తింది. లోపల అంచు నుంచి అంచు దాకా నల్లటి ప్లాస్టిక్ కప్పు. ఇంజిన్ ఎక్కడో దాని కింద ఘోషాలో ఉంది. నెహెమ్యా రెండు చేతులూ వెనక్కి కట్టుకుని చుట్టూ తిరిగి చూశాడు.

"చెయ్యి పెట్టేకి సందు కూడా ల్యాకుండా కట్టినారు గదా. అయినా మంచి బండి పాపా. దీనికీ దానికీ పోటీ లేదు. అన్నిట్లో ఇదే గెలుస్తాది."

సుందరం సారు ముఖం చిన్నబోయింది. కానీ నెహెమ్యా ఉన్నమాటే అన్నాడు. పాత బండ్లను నెత్తిన పెట్టుకునేవాళ్లు ఎవరూ వాటి కింద పడుకుని నూనె ముఖాన కార్పించుకున్నవాళ్లు కారు. ఆ ఆకుపచ్చ బండి నెహెమ్యాను ఎన్నిసార్లు ఏడిపించిందో ఆయనకు తెలుసు. ఒకసారి చాగలమర్రి దగ్గర మిట్టమధ్యాహ్నం ఆగిపోయి, రేడియేటర్ నోరు తెరిచి ఆయన మోచెయ్యి కాల్చింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

రెండు రోజులు బండి ఉంచి వెళ్లమన్నాడు. తండ్రీకూతుళ్లు తెల్ల కారెక్కి కడపలో చుట్టాల ఇంటికి పోయారు.

మొదటి రోజు పొద్దున ప్లగ్గులు శుభ్రం చేశాడు, పెట్రోలు గొట్టాలు మార్చాడు, చేతికి తెలిసిన పనులన్నీ చేశాడు. మధ్యాహ్నం ఇంజిన్ వేసి మేకు మీది గొట్టం తీశాడు. ముందు కార్బొరేటర్ దగ్గర పెట్టాడు, వెనకదాని దగ్గర పెట్టాడు. కుడి చెవి, ఎడమ చెవి. పెద్ద స్క్రూడ్రైవర్ కొస ఇంజిన్‌కు ఆనించి పిడిని పళ్లతో కరిచి పట్టుకుంటే లోపలి కొట్టుకోవడం పుర్రెలోకి వచ్చింది. బుస మాత్రం రాలేదు. గాలి శబ్దం ఇనుములోంచి ఎందుకు వస్తుంది? అంచనాగా మరలు తిప్పాడు. బండి దగ్గింది. ఇంకోవైపు తిప్పాడు. ఊపిరాడని మనిషిలా ఎగశ్వాస తీసుకుని ఆగిపోయింది. అలా పొద్దు వాలేదాకా పదిహేనుసార్లు. చివరికి మరలు ఎక్కడ మొదలుపెట్టాడో కూడా మర్చిపోయి, టైరుకు ఆనుకుని నేల మీద కూలబడ్డాడు. ఏడవడానికి కూడా ఓపిక లేకపోయింది.

రత్నమణి టీ ఫ్లాస్కు పట్టుకుని వచ్చినప్పుడు అలాగే ఉన్నాడు. ఆమె ఎదురుగా వచ్చి కూర్చుంది. ఈ మధ్య ఆమె ఎప్పుడూ ఎదురుగానే కూర్చుంటోందని, పక్క నుంచి పిలవడం మానేసిందని ఆయనకు అప్పుడే తట్టింది.

"మేయ్, నాకు చెవులు పోయినాయి," అన్నాడు.

"తెలుసు."

"ఎప్పటి నుంచి తెలుసు?"

"పోయిన దసరా కాడ్నుంచి. కుక్కర్ పక్కనే కూర్చోని, అది కూస్తాంటే పేపరు సదువుకుంటా ఉంటివి." ఆమె టీ పోసి గ్లాసు చేతిలో పెట్టింది. "నువ్వు చెప్తావని చూస్తి. చెప్పకపోతివి."

ఆయన సారు పెట్టిన షరతు చెప్పాడు. రత్నమణి కాసేపు బండి వైపు చూసి, లేచి, కొంగు నడుముకు దోపుకుంది.

"ఆ గొట్టం నాకియ్యి. ఏం వినాల్నో చెప్పు."

"నీకేం తెలుస్తాది మే?"

"నీకు చెవులున్నప్పుడు చర్చిలో నువ్వు ఎత్తిన పాట దారి తప్పితే సరిచేసింది ఎవరు? నేను గాదా?"

అది కాదనలేని మాట. ఇంజిన్ వేశాడు. గొట్టం ఆయన ఎత్తుకు సరిపోయేది. పొట్టి మనిషి రత్నమణి పట్టుకుంటే నడుమ జారి ఫ్యాను రెక్కల మీదికి పోతోంది. ఆయన ఒక చేత్తో దాన్ని పైకెత్తి పట్టుకుని, రెండో చేత్తో స్క్రూడ్రైవర్ పట్టాడు. ఆమె గొట్టాన్ని ముందుకీ వెనక్కీ మార్చి మార్చి వింది.

"ముందుది కుక్కర్ కూతకొచ్చే ముందర ఉన్నట్టుండాది," ఆయన ముఖంలోకి చూస్తూ, పెదాలు బాగా కదిలిస్తూ చెప్పింది. "ఎనకది ఇప్పుడిప్పుడే ఆవిరి పట్టినట్టుండాది."

నెహెమ్యా వెనక మర పావు తిప్పాడు. ఆమె చెయ్యి ఊపింది, ఇంకొంచెం. మళ్లీ తిప్పాడు. చాలు, ఎక్కువైంది, వెనక్కి. ఇట్లా ఇరవై నిమిషాలు. చెమటకు ఆమె జాకెట్టు వీపుకు అతుక్కుంది. ఉన్నట్టుండి ఆమె గొట్టం దించి రెండు వేళ్లు కలిపి చూపించింది. గొట్టం వదిలి బండి మడ్‌గార్డు మీద ఆనించిన ఆయన అరచేతికీ తెలిసింది. ఇంజిన్‌లో వణుకు పోయి, నిద్రపోయే పిల్లాడి ఛాతీలా ఒకే తీరున కదులుతోంది. అంత మెత్తగా నడవడం ఆయన చెవులు బాగున్న రోజుల్లోనూ రెండు మూడుసార్లే చూశాడు. ఆ సంగతి రత్నమణికి చెప్పలేదు. కొంచెం అసూయ.

మూడో రోజు పొద్దున తండ్రీకూతుళ్లు వచ్చారు. ముందు కొత్త బండిలో తిప్పుతానని ఆరాధన పట్టుబట్టింది. ఖాజీపేట వైపు హైవే మీద నెహెమ్యా మెత్తటి సీట్లో, చల్లటి గాలిలో కూర్చున్నాడు. ఇంకా బయల్దేరలేదనుకున్నాడు. తెర మీద చూస్తే నూట ముప్పై. చెట్లు వెనక్కి పోతున్నాయి, అంతే. కాళ్లకు ఏమీ తెలియదు, వీపుకు ఏమీ తెలియదు. ఆమె ఏదో మీట నొక్కి నవ్వింది. ఆయనా నవ్వాడు. బండి పక్కకు ఆపాక ముఖం ఇటు తిప్పి చెప్పింది.

"ఇంజిన్ శబ్దం లోపలికి వినపడదు కదా అంకుల్. బాగుండదని స్పీకర్లలో వినిపిస్తారు."

"అంటే పాట పెట్టినట్టా?"

"అంతే."

తిరిగి వచ్చేటప్పుడు నెహెమ్యా కిటికీలోంచి చూస్తూ కూర్చున్నాడు. అంత గొప్ప బండి, ఆయనతో ఒక్క మాట మాట్లాడలేదు. పాపం దాని తప్పు లేదు. అది చెవులున్నవాళ్ల కోసం చేసిన బండి.

తరువాత పాతది. ఆరాధన నడిపింది, నెహెమ్యా పక్కన కూర్చున్నాడు. గేరు వెయ్యగానే ఆ కుదుపు నడుములోకి వచ్చింది. రెండో గేరుకు పాదాల కింద రేకు పలికింది. మూడో గేరులో వెన్నుపూస ఒక్కొక్కటికీ ఇంజిన్ తన సంగతి విడివిడిగా చెప్పుకుంది. వెనక ఎడమ స్ప్రింగు అలసిపోయింది. చక్రాల్లో గ్రీజు తక్కువ. కార్బొరేటర్లు రెండూ కలిసి పీలుస్తున్నాయి. ఒక్క శబ్దం కూడా లేకుండా అన్నీ వినపడ్డాయి. వేగం డెబ్బై కూడా లేదు. ఆరాధన స్టీరింగును రెండు చేతులా పట్టుకుని, జుట్టు కళ్లలో పడుతుంటే, పళ్లు బిగించి నడుపుతోంది. షెడ్డు ముందు ఆపి స్టీరింగు వదిలింది.

"తాత ఇంత కష్టపడి నడిపేవాడా?" అంది. "నా బండిలో నూట నలభైలో వెళ్లినా ఏమీ అనిపించదు. ఇది అరవైకే చంపేసింది." అని తండ్రి వైపు తిరిగి, "ఉండనీండి నాన్నా. అమ్మొద్దులే," అంది.

సుందరం సారు నెహెమ్యా రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఏం చెవులప్పా నీవి. ఇట్లా చెవి జిల్లాలో ఇంకోటి లేదు."

ఊరుకుంటే సరిపోయేది. తల ఊపడం ఆయనకు ఆర్నెల్లుగా అలవాటే. కానీ షెడ్డు గుమ్మంలో రత్నమణి నిలబడి ఉంది. ముప్పై ఎనిమిదేళ్లుగా సుందరం సారు తన మాట నమ్మి ఆ బండిలో కొండలు దిగుతున్నాడు. ఇంకో అబద్ధం మోసే ఓపిక నెహెమ్యాకు లేకపోయింది.

"సారూ, నా చెవులు పోయి ఆర్నెల్లాయ. ఆ బుస నాకు వినపడ్ల్యా. విన్నది ఈయమ్మ. నేను మర తిప్పినా, అంతే."

ఎవరేమన్నారో, ఆయన తల దించుకుని ఉన్నాడు కనుక తెలియలేదు. తలెత్తేసరికి సుందరం సారు బండి వైపు నడుస్తున్నాడు. ఒకసారి వెనక్కి తిరిగాడు, "సరే నెహెమ్యా," అని లోగొంతుకతో అన్నట్టు పెదాలు కదిలాయి. మోకాలు పట్టుకుని ఆయనే ఎక్కాడు. ఆకుపచ్చ బండి ముందు, తెల్ల బండి వెనక, కర్నూలు దారి పట్టాయి.

పది రోజులు ఏ కబురూ లేదు. నెహెమ్యా షెడ్డు తీశాడు, మూశాడు. ఆ ఆదివారం చర్చిలో ముందు బెంచీకి పోయి, ఇక పాట రత్నమణి ఎత్తుతుందని అయ్యగారికి అందరి ముందూ చెప్పాడు. ఎవరూ నవ్వలేదు. నవ్వి ఉంటే కొంచెం తేలికగా ఉండేది.

పదకొండో రోజు రత్నమణి ఫోను పట్టుకుని షెడ్డుకు వచ్చి, ఎదురుగా నిలబడింది.

"సుందరం సారు చేసినాడు."

నెహెమ్యా చేతులు తుడుచుకుని ఫోను కోసం చెయ్యి చాపాడు.

"నీకు గాదు," అంది. "నాకే చేసినాడు. ఆగస్టులో బండి తెస్తాడంట. రత్నమణమ్మ ఊర్లో ఉంటాదా, చర్చి కూటాలకు యాడికన్నా పోతాదా అని అడుగుతాండాడు."

బండి ఉంటుందన్న సంతోషం ముందు వచ్చింది. ఆ వెంటనే ఇంకొకటి వచ్చింది, అది సంతోషం కాదు. ముప్పై ఎనిమిదేళ్లలో ఆ ఇంటి నుంచి తనకు కాకుండా వచ్చిన మొదటి ఫోను అది. "ఉంటానని చెప్పినావా?" అని అడిగాడు. చెప్పానని ఆమె తల ఊపింది.

ఆయన మేకు మీది గొట్టం తీశాడు. మేస్త్రీ చేతి నుంచి వచ్చిన గొట్టం, యాభై ఏళ్లలో ఒక్క అంగుళం పోనివ్వలేదు. రత్నమణిని ఖాళీ బల్ల దగ్గరికి పిలిచి, బానెట్ ఎత్తు ఎంత ఉంటుందో అంత ఎత్తున ఒక కొస పట్టుకోమన్నాడు. రెండో కొసను ఆమె చెవి దాకా తెచ్చి, మిగిలినదాన్ని బొటనవేలితో నొక్కి గుర్తు పెట్టాడు. తరువాత కత్తి తీసుకుని, అక్కడికి కోసేశాడు.